లాంచీ ట్యాంకులో నీళ్ళు పోసిందెవరు

కొత్తగా మెకానిక్కులైనవాళ్ళు కనబడితే నేనొక ప్రశ్న అడుగుతాను. డీజిల్ ట్యాంకులోకి నీళ్ళు ఎలా వస్తాయి? చదువుకున్నవాళ్ళు కాబట్టి తడుముకోకుండా చెప్పేస్తారు. బంకులోనే కలిసి వస్తాయంటారు. వానకి మూత సందులోంచి దిగుతాయంటారు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో చలికాలం గోడలకి చెమట పట్టి అడుక్కి కారతాయంటారు. అన్నీ నిజాలే. ఇంకో దారి కూడా ఉంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని కనిపెట్టేసరికి నాకొక ఎండాకాలం గడిచిపోయింది. బి.పి. మాత్రలు మొదలైంది కూడా ఆ ఎండాకాలమే.

ఉద్యోగమంతా నేను ఒక ప్రభుత్వ శాఖ వర్క్‌షాపులో ఇంజన్ల మెకానిక్కుగా చేశాను. మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. పొగాకు కాల్చే బ్యారన్ల మధ్య, ఆయిలింజన్ల మధ్య పెరిగినవాణ్ణి. చీరాల వెళ్ళినప్పుడు సముద్రంలో దూరంగా కనబడేవి తప్ప పడవలతో నాకు పరిచయం లేదు. అలాంటివాణ్ణి తొంభైల చివర్లో నరసరావుపేటకి బదిలీ చేశారు. ట్రాక్టర్లు, రోడ్డు రోలర్లతో పాటు కృష్ణ మీద తిరిగే లాంచీ కూడా నీ లెక్కలోదే అన్నారు. ఇంజనంటే ఎక్కడున్నా ఇంజనే కదా అనుకున్నాను. ఇంజన్ విషయంలో అది నిజమే. మనుషుల విషయంలోనే తేడా కొట్టింది.

లాంచీ తిరిగే ఆ రేవులో అప్పటికి వంతెన లేదు. ఇటు గుంటూరు జిల్లా, అటు నల్గొండ. మిరపకోతలప్పుడు అవతలి ఒడ్డు నుంచి కూలీ ఆడవాళ్ళు గుంపులుగా వచ్చేవాళ్ళు. పత్తి కుక్కిన బోరేలు, మిర్చి నింపిన టిక్కీలు, సైకిళ్ళు, మేకలు, పెళ్ళివాళ్ళు, అందరూ అన్నీ ఆ లాంచీ మీదే. మిర్చి ఎక్కించిన రోజున దేవుడు దిగివచ్చి టిక్కెట్టు కొనుక్కున్నా తుమ్మాల్సిందే. డెక్కు మీద, సరంగు నిలబడే గది వెనకాల, ఇనుప రేకు పెట్టెలాంటి డీజిల్ ట్యాంకు ఉండేది. పైన నీడ లేదు. పల్నాటి ఎండ మొత్తం దాని నెత్తిమీదే. టిక్కెట్లు కొట్టేవాడు రోజూ దాని మీద కూర్చునీ కూర్చునీ, ట్యాంకు పైభాగం పళ్ళెంలాగా లొత్త పడింది. ఆ పళ్ళెం మధ్యలోనే మూత. ఈ లొత్త సంగతి గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

లాంచీ నడిపే సరంగు రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. నాకంటే చాలా పెద్ద. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను మేస్త్రీ అనేవాడు. మాట తక్కువ. అడిగినదానికి జవాబు చెబుతాడు, దాని పక్కన ఉన్నదాన్ని మనం అడిగితే తప్ప చెప్పడు. డెక్కు మీద చీపురుపుల్ల పడితే తీసి ఏట్లో వెయ్యడు, ఒడ్డుకి తెచ్చి పారేస్తాడు. ఏరు తల్లి కదా అంటాడు. ఇంత పద్ధతిగల మనిషితో పనిచేయడం ఎంత కష్టమో ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

సంక్రాంతి పోయి ఎండలు ముదిరే రోజుల్లో లాంచీ మొరాయించడం మొదలుపెట్టింది. ఏటి మధ్యలో ఇంజన్ దగ్గుతుంది, పొగ కక్కుతుంది, ఆగిపోతుంది. కబురొస్తే నేను బస్సెక్కి రేవుకి పోయేవాణ్ణి. ఫిల్టరు కింద చిన్న గాజు గిన్నె ఉంటుంది. విప్పి చూస్తే అందులో నీళ్ళు. డీజిలు పైన తేలుతుంది, నీళ్ళు అడుగున చేరతాయి. ట్యాంకు అడుగు బిరడా తీస్తే ముందు నీళ్ళే ధార కట్టేవి. తీసేవాణ్ణి, ఫిల్టరు మార్చేవాణ్ణి, పైపుల్లో గాలి తీసేవాణ్ణి, ఇంజన్ గుర్రంలాగా లేచేది. పేటకి చేరి చేతులు కడుక్కునే లోపల మళ్ళీ కబురు. ఈ కడుక్కోవడం, పరుగెత్తడం ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టలేదు. మా ఆవిడ మాత్రం ఆ ఏటికి అవతల మీకెవరైనా ఉన్నారా అని అడగడం మొదలుపెట్టింది.

మొదట నేను బంకు మీద అనుమానపడ్డాను. డీజిలు పీపాల్లో ట్రాక్టరు మీద వచ్చేది. బంకాయన దగ్గరికి వెళ్ళి నెమ్మదిగానే అడిగాను.

"నా డీజిల్లో నీళ్ళా? ఇదే డీజిలు మూడు మండలాల ట్రాక్టర్లకి పోస్తన్నా. ఒక్క ట్రాక్టరు ఆగిందని చెప్పమను, నీ ఎదురుగానే గ్లాసెడు తాగుతా."

తాగకుండా ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పీపాలు పరీక్ష చేశాను. చుక్క నీళ్ళు లేవు. వానలు లేవు, చలి లేదు. కాలవల్లో నీళ్ళే ఎండిపోయే రోజులు. ట్యాంకులోకి మాత్రం ఎక్కడినుంచో వస్తూనే ఉన్నాయి.

ఇక మా ఇంజినీరు గారి సంగతి. వేరే జిల్లా నుంచి ఆ సంక్రాంతికే బదిలీ మీద వచ్చాడు. చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, బంధువుల్ని పనుల్లో పెట్టడు. ఆయన జబ్బల్లా వెటకారం. ఏ మాటా తిన్నగా అనడు. ఆలస్యంగా వస్తే "ఏం నాయనా, సూర్యుడు నిన్ను అడిగి పొడిచాడా" అంటాడు. అర్థమైనవాడు తలవంచుకుంటాడు, అర్థంకానివాడు "లేదు సార్" అని జవాబు చెబుతాడు. ఆ రెండో రకం వాళ్ళంటే ఆయనకి ఇంకా ఒళ్ళు మండేది.

నీళ్ళ సంగతి చెప్పగానే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇంతకీ మీ జిల్లా సంగతి నాకు తెలీదనుకుంటున్నావా? పత్తికి నీళ్ళు కొడతారు. మిరపకాయలకి నీళ్ళు కొడతారు. పాల సంగతి చెప్పనే అక్కర్లేదు. డీజిలొక్కటే మిగిలింది పాపం అనుకున్నా. అదీ అయింది."

"సార్, మిరపకాయలకి నీళ్ళు కొట్టేది తొక్కేటప్పుడు విరక్కుండా..."

"అవునవును. డీజిలు కూడా విరక్కుండా పోసి ఉంటాడు మీ సరంగు."

ఆయన లెక్క ఇది. సరంగు డీజిలు తీసి ఆయిలింజన్ల రైతులకి అమ్ముకుంటున్నాడు. కొలబద్ద దించితే తక్కువ కనపడకుండా నీళ్ళు పోస్తున్నాడు. నువ్వు సాంకేతికంగా ఒక రిపోర్టు రాయి, బయటినుంచి ఎవరో పోస్తే తప్ప నీళ్ళు వచ్చే అవకాశం లేదని. మిగతాది నేను చూసుకుంటా అన్నాడు. మిగతాదంటే ఏమిటో నాకు తెలుసు. సస్పెన్షను, విచారణ. రిటైరయ్యే ముందు ఆ మచ్చ పడితే సరంగు పెన్షను ఏ టేబులు మీద ఏళ్ళ తరబడి పడుకుంటుందో ఎవరికీ తెలియదు. పెన్షను తర్వాత మాట. రేవు రేవంతా ఆ మనిషిని దొంగ అంటుంది.

నాకు కోపం వచ్చింది. ఇంజినీరు గారి మీద వచ్చింది, అంతకంటే ఎక్కువ సరంగు మీద వచ్చింది. ఎందుకంటే ఆ మనిషి తనని తాను కాపాడుకోవడానికి వేలు కూడా కదపలేదు.

"బాబాయ్, నిన్ను దొంగంటున్నారు. ఏదో ఒకటి చెప్పు."

"నేను పొయ్యలా."

"అది సరే. మరి ఎట్లా వస్తన్నయ్యి?"

"నాకేం తెలుసు మేస్త్రీ. మెకానిక్కువి నువ్వా నేనా?"

గోడకి చెప్పుకున్నా తిరిగి మన మాటే వినపడుతుంది, ఈయన దగ్గర అది కూడా లేదు.

చివరికి ఒక ఉపాయం చేశాను. ట్యాంకు నింపించి, మూతకి తీగ చుట్టి, సీసం ముద్ర వేశాను. సరంగు చూస్తుండగానే వేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. వారం తిరక్కుండా లాంచీ ఆగింది. పోయి చూస్తే ముద్ర వేసింది వేసినట్టే ఉంది. అడుగు బిరడా తీస్తే నీళ్ళు. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంకేముంది, సరంగు నిర్దోషి అని తేలిపోయిందని పేటకి వచ్చి ఇంజినీరు గారికి చెప్పాను.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నీ సీసం ముద్ర పడుతుందా? మూతకి చిల్లుంటుంది కదూ?"

"ఉంటుంది సార్. డీజిలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవాలి కాబట్టి. కానీ అది అగ్గిపుల్ల దూరేంత చిల్లు. అందులోంచి నీళ్ళు పొయ్యాలంటే ఇంజెక్షను సూది కావాలి."

"కొనుక్కుని ఉంటాడు," అన్నాడాయన.

ఒక మనిషి దొంగ అని ముందే తీర్మానం చేసుకున్నాక సాక్ష్యాలన్నీ ఆ ఇంటికే దారి పడతాయి. ముద్ర పగిలితే దొంగ. పగలకపోతే తెలివైన దొంగ.

ఆఖరికి ఇంజినీరు గారే స్వయంగా వస్తానన్నాడు. లాంచీ మీద అటూ ఇటూ ఒకసారి తిరిగి, తనే టైపు చేయించి తెచ్చిన రిపోర్టు మీద నా చేత అక్కడికక్కడే సంతకం పెట్టించుకుని వెళ్ళాలని ఆయన ఆలోచన. ఆ రోజు పొద్దున నేను ముందుగా చేరి ట్యాంకు అడుగు నీళ్ళు తీసేద్దామనుకున్నాను. బస్సు టైరు పంక్చరయింది. నేను చేరేసరికి ఆయన జీపు అక్కడుంది. లాంచీ అద్దంలా ఉంది. డెక్కు కడిగి ఉంది. ట్యాంకుని గుడ్డపెట్టి తుడిచి ఉంచారు, దాని మీద చెయ్యి పెడితే పొడిగా, నునుపుగా ఉంది. ఎప్పుడు ఏ అధికారి వచ్చినా అలాగే ఉండేది. నేను వచ్చినప్పుడు కూడా అలాగే ఉండేది. నేనూ అధికారినేనని సరంగు లెక్క కాబోలు.

పోయేటప్పుడు బాగానే పోయాం. వచ్చేటప్పుడు అవతలి ఒడ్డున మిరపకోతల ఆడవాళ్ళు ఎక్కారు. సద్దిగిన్నెలు, నెత్తిమీద తువ్వాళ్ళు, ఒకటే మాటలు. పైన డ్యామునుంచి నీళ్ళు వదిలినట్టున్నారు, వరవడి బాగా ఉంది. సరిగ్గా ఏటి నడుమ ఇంజన్ దగ్గింది. ఒకసారి, ఇంకోసారి. ఆగిపోయింది.

ఇంజన్ ఆగినప్పుడు నది చప్పుడు వినపడుతుంది. అప్పటిదాకా అది అక్కడే ఉన్నా మనం వినం. లాంచీ మెల్లగా పక్కకి తిరిగి దిగువకి జారడం మొదలుపెట్టింది. దిగువన రాళ్ళ వరుస ఉంది. దాని చుట్టూ నీళ్ళు తెల్లగా పొర్లుతున్నాయి.

"నడుమ ఏట్ల ఆపిండ్రేంది? మేం కోతకు పోవద్దా?" అని ఒకామె గట్టిగా అడిగింది.

ఇంజినీరు గారు మాట్లాడలేదు. అప్పటిదాకా సరంగుని "రాజుగారూ, తమరి ఓడ" అంటూ వచ్చిన మనిషి రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందట. సామెత గుర్తొచ్చి నాకు నవ్వు రాలేదు గానీ, తర్వాత చాలాసార్లు వచ్చింది.

సరంగు అరవలేదు. డెక్కు మీద పనిచేసే కళాసి చేత లంగరు వేయించాడు. అది ఇసకలో ఈడ్చుకుపోయి ఎక్కడో పట్టుకుంది, లాంచీ కుదుపుతో ఆగింది. ఆడవాళ్ళ వైపు తిరిగి "అందరూ కూకోండమ్మా, ఎవ్వరూ లేవబాకండి" అన్నాడు. కూర్చున్నారు. నేను కిందికి దిగి గాజు గిన్నె విప్పాను. నిండా నీళ్ళు. తిట్టుకుంటూ నీళ్ళు తీసి, ఫిల్టరు కడిగి, గాలి తీసి ఇంజన్ తిప్పాను. అందుకోలేదు. మళ్ళీ గాలి తీశాను. ఈసారి అందుకుంది. ఒడ్డుకి చేరాక ఆడవాళ్ళు ఏమీ జరగనట్టే దిగి పొలాల వైపు వెళ్ళిపోయారు. ఇందాకటి ఆమె మాత్రం వెనక్కి తిరిగి, "సాయంత్రం గిట్లనే ఆపితే నేను ఈదుకుంట పోత," అంది.

ఇంజినీరు గారికి ఒడ్డు తగలగానే నోరు తిరిగి వచ్చింది.

"చూశావుగా. నేనున్న రోజున కూడా పోశాడు. వీడి తెగింపు చూడు. ఇవాళ ఎవరి ప్రాణమైనా పోయుంటే నీ జవాబుదారీయా, నాదా? నేను బంగళాలో భోంచేసి వస్తా. వచ్చేసరికి సంతకం తయారుగా ఉండాలి."

ఇవన్నీ సరంగు వినేలాగే అన్నాడు. జీపు వెళ్ళిపోయింది. నేను డెక్కు మీద కూలబడ్డాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. ఆయన పొయ్యలేదని నాకు నమ్మకం ఉంది. కానీ నమ్మకం రాసి సంతకం పెట్టడానికి రిపోర్టులో చోటుండదు. నీళ్ళు ఎలా వచ్చాయో చెప్పలేనివాడు, ఎవరో పోశారన్న మాటని కాదనడానికి కూడా పనికిరాడు.

కళాసి అన్నానికి వెళ్ళాడు. నెత్తిన సూర్యుడు. రేవులో కుక్క కూడా లేదు. సరంగు జీపు వెళ్ళిన దారివైపు ఒకసారి చూశాడు. తర్వాత తన గదిలోంచి మడత పెట్టిన గోనెపట్టా ఒకటి తెచ్చాడు. పాత పత్తి బోరేన్ని చింపి చేసింది. అది నాకు తెలిసిన గోనెపట్టానే, చాలాసార్లు దాని మీద కూర్చుని అన్నం తిన్నాను. తాడు కట్టిన బకెట్టు ఏట్లోకి విసిరి నీళ్ళు లాగాడు. గోనెపట్టా ట్యాంకు మీద పరిచాడు. నాలుగు మూలలూ సర్ది, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు కప్పి, బకెట్టెడు నీళ్ళూ దాని మీద గుమ్మరించాడు.

నేను చూస్తూ ఉండిపోయాను.

"బాబాయ్. ఏం చేస్తన్నావు?"

"కనపట్టంలా? ట్యాంకు మీద గోనె కప్పుతున్నా."

"ఎందుకు?"

"ఎండకి డీజిలు ఆవిరైపోదా మరి."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరేంది, మీ సారే చెప్పాడు. పెద్ద చదువు చదివినోడు. వచ్చిన కొత్తల్లో కొలబద్ద దించితే డీజిలు తక్కువొచ్చింది. 'ఏం, ఎండకి ఆవిరైపోయిందా' అన్నాడు. నాకు అప్పటిదాకా తట్టలా. నిజమే గదా, బట్టలారేసినా ఆవిరైపోద్ది, కుండలో నీళ్ళూ ఆవిరైపోతయ్యి, డీజిలెందుకు పోదు? ఆ మర్నాటి నుంచి కప్పుతున్నా. గోనె ఆరితే మళ్ళా తడుపుతా. అప్పటి నుంచి తరుగు ఆగింది గూడా."

తరుగు ఎందుకు ఆగిందో నాకు తెలుసు. అప్పట్లో ఇంజన్ దగ్గర రాగి పైపు జాయింటు కారుతుంటే కొత్త పైపు వేసింది నేను. వేళ్ళు కోసుకుని వేశాను. ఆ పేరు కాస్తా గోనెపట్టా కొట్టేసింది.

"మరి నేను వచ్చినప్పుడు ఎప్పుడూ కనపడలేదే?"

"ఆఫీసోళ్ళు వస్తుంటే ట్యాంకు మీద గోనెలూ గుడ్డలూ ఏం బాగుంటయ్యి? తీసి తుడుస్తాం గదా."

ఆయన్ని ఏటిలోకి తోసేద్దామన్నంత కోపమూ, కావలించుకుని ఏడుద్దామన్నంత జాలీ నాకు ఒకేసారి వచ్చాయి. అప్పుడే వినపడింది. చాలా సన్నగా, గుటక వేసినట్టు. నేను లేచి ట్యాంకు దగ్గరికి వెళ్ళి గోనె ఒక పక్కకి ఎత్తాను. లొత్త పడిన పళ్ళెంలో నీళ్ళు నిలబడ్డాయి. మూత ఆ నీళ్ళలో సగం మునిగి ఉంది. చిల్లు దగ్గర ఒక బుడగ లేచింది. పగిలింది. నీళ్ళు కొంచెం కిందికి దిగాయి. ఇంకో గుటక.

పొద్దుటి నుంచి ఎండకి కాలిన ట్యాంకు. లోపలి గాలి వేడెక్కి పొంగి ఉంటుంది. ఒక్కసారిగా తడిగోనె కప్పగానే గాలి చల్లబడి ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు చిల్లులోంచి బయటి గాలిని పీల్చుకోవాలి. గాలి ఉండవలసిన చోట నీళ్ళుంటే నీళ్ళనే పీల్చుకుంటుంది. ఎవరూ పొయ్యలేదు. ట్యాంకే తాగింది. ఎంత శ్రద్ధగా తడిపితే అంత బాగా తాగింది.

"బాబాయ్, ఇలా వచ్చి చెవి పెట్టు."

ఆయన తలపాగా తీసి, వంగి చెవి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచేసరికి ఆయన ముఖంలో రంగు లేదు.

"అయితే నేనే పోశానా మేస్త్రీ?" అన్నాడు.

ఇన్ని నెలల్లో ఆయన నిజంగా జవాబు కోసం నన్ను అడిగిన ప్రశ్న అదొక్కటే. కాదు అన్నాను. ఆయన గోనెపట్టా తీసి పిండాడు, మడత పెట్టాడు, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. పొద్దున ఏటి నడుమ ఆడవాళ్ళని కూర్చోమన్న మనిషి ఈయనేనా అనిపించింది. దొంగ అన్నప్పుడు కదలని మనిషి ఈ మాటకి కదిలిపోయాడు.

ఇంజినీరు గారు వచ్చేసరికి నేను ట్యాంకు అడుగు నుంచి నీళ్ళు పూర్తిగా తీసి, వట్టి డీజిలు కారేదాకా ఉంచి బిరడా బిగించాను. లొత్తలో నీళ్ళు తుడిచి, ట్యాంకు మళ్ళీ కాలేదాకా ఎండకి వదిలేశాను. ఆయన ముందే గోనె కప్పి నీళ్ళు పోశాను. చెవి పెట్టమంటే పెట్టలేదు, చొక్కాకి మురికవుతుందని. సరే, కాసేపాగి అడుగు బిరడా తీశాను. సీసాలోకి పట్టి చూపించాను. అడుగున నీళ్ళు, పైన డీజిలు.

"అంటే ఇంతకీ పోసింది వాడేగా?" అన్నాడాయన.

నా బి.పి. గురించి ముందే చెప్పాను.

"సార్, ఆయన ట్యాంకు మీద పోశాడు. ట్యాంకులో కాదు."

"తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట. అసలు ట్యాంకు మీద నీళ్ళు పొయ్యమని చెప్పిన మహానుభావుడెవడయ్యా?"

సరంగు నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు కూడా ఈ మనిషి తన నోటితో తనని కాపాడుకోడు. ఇంక నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీరే సార్. వచ్చిన కొత్తల్లో డీజిలు తక్కువొస్తే, 'ఎండకి ఆవిరైపోయిందా' అన్నారట. ఆయన నిజమనుకున్నాడు."

"నేను వెటకారంగా..." అని ఆగిపోయాడు.

ఆయన సీసా వైపు చూశాడు. గోనెపట్టా వైపు చూశాడు. సరంగు వైపు మాత్రం చూడలేదు. ఒక మనిషి తన మాటని ఇంత గౌరవంగా, ఇంత కష్టపడి, పూటపూటా నీళ్ళు తోడి పాటించి ఉంటాడని ఆయన ఎన్నడూ అనుకుని ఉండడు. ఇంటిదగ్గర కూడా ఎవరూ పాటించి ఉండరు. కాసేపటికి, "ఆ రిపోర్టు చించెయ్," అన్నాడు. క్షమించమని అడగలేదు. అలాంటివి మా శాఖలో లేవు.

మర్నాడు పేటలో పాత పొగాకు బ్యారన్లు విప్పే మేస్త్రీ దగ్గర సన్నపాటి ఇనప గొట్టం ఒకటి దొరికింది. మూత చిల్లు మూసేసి, ట్యాంకు మీద ఆ గొట్టం నిలబెట్టి, పైకొస కొంగమెడలాగా కిందికి వంచాను. ఇక గాలి పోతుంది, నీళ్ళు పోవు. లొత్త కూడా కొట్టి సరిచేసి, టిక్కెట్లు కొట్టేవాడికి వేరే స్టూలు ఇప్పించాను. వాడు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. లాంచీ మళ్ళీ నడుమ ఏట్లో ఆగలేదు. ఆఫీసు నుంచి మాత్రం ఒక ఉత్తర్వు వచ్చింది, లాంచీ మీద గోనె సంచులు వాడరాదని. పత్తి బోరేలు ఎక్కించాలా వద్దా అని రేవులో పెద్ద గొడవైంది. అది వేరే కథ.

సరంగు మచ్చలేకుండా రిటైరయ్యాడు. పెన్షను ఆలస్యం కాలేదు. ఆ కాగితాలు ఇంజినీరు గారే దగ్గరుండి కదిలించాడని తర్వాత ఆఫీసులో విన్నాను. ఆ మాట సరంగుకి ఎవరూ చెప్పలేదు. ఇంజినీరు గారు వెటకారం మానలేదు గానీ, ఒక మాట విసిరాక అవతలివాడి ముఖం వంక అనుమానంగా చూసేవాడు. అది నాకు చాలు.

కొన్నేళ్ళకి ఒక మే నెలలో ఏదో పనిమీద అటు వెళ్ళి, సరంగుగారింటికి పోయాను. అప్పటికి నేను మోటారు సైకిలు కొనుక్కున్నాను. ఆయన బాగా వంగిపోయాడు. భార్య మజ్జిగ ఇచ్చింది. వసారాలో కూర్చుని పాతవాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. అంటే నేను మాట్లాడాను. మధ్యలో ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళి, కాసేపటికి వచ్చి కూర్చున్నాడు.

సెలవు తీసుకుని బయటికి వచ్చి చూద్దును కదా, నా మోటారు సైకిలు ట్యాంకు మీద తడి గోనె. నీళ్ళోడుతోంది. ఇంత జరిగాక కూడానా అని కోపం వచ్చింది. గోనె తీసి చూస్తే మూత చుట్టూ పాలిథీన్ కవరు, దాని మీద సైకిలు ట్యూబు ముక్క బిగించి కట్టి ఉంది. చుక్క దూరదు. నేను నేర్పింది నేర్చుకున్నాడు. ముందు నమ్మింది మాత్రం వదల్లేదు.

అయినా మెకానిక్కు బుద్ధి ఊరుకోదు కదా. కట్టు విప్పి, మూత తీసి లోపలికి తొంగిచూశాను.

వసారా మీద నుంచి సరంగు అడిగాడు.

"ఏం మేస్త్రీ, ఆవిరైపోయిందా?"

తలెత్తి ఆయన ముఖంలోకి చూశాను. నవ్వు లేదు, ఏమీ లేదు. వెటకారమాడాడో, నిజంగానే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"లేదు బాబాయ్," అన్నాను.